చెవి వెనక నీలం

నేను దగ్గరగా చూసిన మొదటి కృష్ణుడు బీడీ తాగుతున్నాడు.

నంద్యాలలో ఒక బడి మైదానం. రాత్రి రెండు దాటింది. స్టేజీ వెనక నాలుగు తడికలు కట్టి, వాటి మీద పాత పంచెలు వేలాడేసి గ్రీన్‌రూం అన్నారు. తడిక సందులో కన్ను పెట్టి చూస్తే, సాక్షాత్తూ వాసుదేవుడు రేకుల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. కిరీటం ఒళ్లో ఉంది. వేళ్లకున్న రంగు అంటకుండా బీడీని ఎక్కడో వేళ్ల మొదట్లో ఇరికించుకుని తీరిగ్గా పొగ వదులుతున్నాడు. సరిగ్గా అప్పుడే స్టేజీ మీద నుంచి మైకులో కృష్ణుడి పద్యం వినపడుతోంది. నాకు తొమ్మిదేళ్లు. భయం వేయలేదు గానీ లెక్క కుదరలేదు. ఈయన ఇక్కడుంటే అక్కడ పాడేది ఎవరు?

ఆయనే నన్ను చూశాడు.

“యాడోడివిరా పిల్లోడా?”

“ఆళ్లగడ్డ.”

“అంత దూరం నుంచి వచ్చినావా! ఆడ పాడేటోడు రెండో కృష్ణుడులే. నేను ఒకటో కృష్ణుణ్ణి. నా పని అయిపాయ.”

ఇప్పటి పిల్లలకు ఇది చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. ఊరి కమిటీవాళ్లు చందాలు పోగేసి, పేరున్న నటులను ఎవరికి వారిని విడిగా మాట్లాడుకుని వేయించే ఆటలను కాంట్రాక్టు నాటకాలు అనేవాళ్లు. కృష్ణుడు ఒక జిల్లా నుంచి వస్తాడు, అర్జునుడు ఇంకో జిల్లా నుంచి. రిహార్సలు ఉండదు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు అందరికీ నోటికి వచ్చినవే కాబట్టి, హార్మోనిస్టుతో శ్రుతి మాట్లాడుకుంటే సరిపోతుంది. ఒక్క కృష్ణుడితో జనానికి తనివి తీరదు. పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్రలోనూ అంతే, వారణాసికి ఒక హరిశ్చంద్రుడు, కాటిసీనుకు మరొకడు. ఏ కృష్ణుడు మెరుగన్న వాదం మర్నాడు టీ అంగడి దగ్గర మొదలై వారమంతా సాగేది. ఈలపాట రఘురామయ్య ఈల గురించి ఒకరు చెబితే, పీసపాటి నరసింహమూర్తి రాగం తగ్గించి పద్యంలో మాటకు ప్రాణం పోసే తీరు గురించి ఇంకొకరు. మా నాయన పీసపాటి వైపు. రేడియోలో విన్నంత మాత్రానికే ఆయనకు అంత పట్టుదల.

ఆ నాయనే నాకు గ్రీన్‌రూం దగ్గర కాచుకోవడం నేర్పినాడు.

లండన్‌లోనో న్యూయార్క్‌లోనో నాటకశాలకు వెనక వైపు ఒక చిన్న తలుపు ఉంటుంది. ఆట వదిలాక ప్రేక్షకులు అక్కడ గుమిగూడతారు. బ్రాడ్వేలో అయితే ఇనుప కంచె కూడా అడ్డం పెడతారు. కంచెకు ఇవతల అభిమానులు కరపుస్తకం, లావుపాటి పెన్ను పట్టుకుని నిలబడితే, అవతల నటులు సంతకాలు పెట్టుకుంటూ పోతారు. 2020 మార్చి 12న బ్రాడ్వే మూతపడి, మరుసటి ఏడాది తెరుచుకున్నప్పుడు కూడా ఈ సంతకాల ముచ్చట వద్దన్నారు. జపాన్‌లో టకరజుకా అని ఒక ఊరుంది, ఒసాకాకు దగ్గర్లో. 1914 నుంచి అక్కడ ఆడవాళ్లే అన్ని వేషాలూ, మగవేషాలతో సహా, కడుతున్నారు. ఆ నటీమణుల కోసం ఎదురుచూసే అభిమానులు వరసలు కట్టి నిలబడతారట, వెనకవాళ్లకు కనపడేందుకు ముందు వరసవాళ్లు కూర్చుంటారట. ముట్టుకోవడం ఉండదు, కేకలు ఉండవు. చేతిలో ఉత్తరం పెట్టి పక్కకు తప్పుకోవడమే. ఇది చదివినప్పుడు నాకు స్థానం నరసింహారావు గుర్తుకొచ్చారు. బాపట్లలో పుట్టి, సత్యభామగా, చింతామణిగా ఆడవేషాలు కట్టి 1956లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆ సత్యభామ జడ విప్పేసి, ముఖం కడుక్కుని, పంచె కట్టుకుని బయటికి వస్తుంటే చూడాలన్న కుతూహలం ఎన్ని వందల మందికి ఉండి ఉంటుందో!

మన దగ్గర ఆ తలుపే లేదు. తడిక ఉండేది. తడికకు తాళం ఉండదు, సందులు ఉంటాయి.

డబ్బున్నవాళ్లకు ఆ సందులతో పనిలేదు, అది వేరే సంగతి. వాళ్లకు చదివింపులు ఉన్నాయి. పద్యం నచ్చితే స్టేజీ ఎక్కి నటుడికి నోటు ఇస్తారు, కొందరు వేషానికి పిన్నుతో గుచ్చుతారు. “ఫలానా రెడ్డిగారు నూటపదహార్లు చదివించినారు” అని మైకులో చెప్పేదాకా ఆట ఆగుతుంది. కాటిసీనులో సర్వం పోగొట్టుకున్న హరిశ్చంద్రుడు గుండె మీద పది రూపాయల నోట్లు వేలాడుతుండగా ఏడవడం నేను చూశాను. ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించేది కాదు, నాకూ అనిపించలేదు. చదివింపు ఇచ్చినవాడు నటుణ్ణి పద్యం నడుమ కలుస్తాడు. ఇవ్వలేనివాడు ఆట ముగిశాక తడిక దగ్గర కలుస్తాడు. నాయన రెండో రకం.

ఆయనకు దానికో పద్ధతి ఉండేది. చివరి పద్యం కాగానే పోకూడదు. మంగళం పాడి తెర దించాక ఒక బీడీ కాలేంత సేపు బయటే ఉండాలి. నటుడు నీళ్లు తాగిందాకా పలకరించకూడదు, రాత్రంతా అరిచిన గొంతు అది. కిరీటం తీసేదాకా లోపలికి పోకూడదు. పోయాక “శానా బాగా చేసినారు” అనకూడదు. “ఆ మాట అందరూ అంటారు, ఆయనకు దాంతో ఏం లాభం?” అనేవాడు నాయన. ఏ పద్యంలో ఏ పాదం దగ్గర ఊపిరి పట్టి వదిలినాడో, ఎక్కడ రాగం తుంచి మాట మాత్రం విసిరినాడో, అది ఒక్కటి చెప్పి దండం పెట్టి వచ్చేయాలి. ఒక్క నిమిషం. ఆ నిమిషం కోసం గంట సేపు చలిలో నిలబడటం.

నాకు మాత్రం పద్యం కన్నా లోపలి కొబ్బరినూనె మీదే కన్ను. అరచేతిలో నూనె పోసుకుని ముఖమంతా రుద్దితే నీలం, ఎరుపు, కాటుక ఒకదాన్లో ఒకటి కలిసి ముద్దయ్యేవి. పాత గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే ఆ బాటలో ఒక మనిషి ముఖం బయటపడేది. సగం దేవుడు, సగం ఏ కడప జిల్లా రైతో.

దీనికి నాకు తర్ఫీదు వేరే చోట దొరికింది. ఆళ్లగడ్డలో పుట్టినవాడికి సగం దేవుళ్లు కొత్త కాదు. మా ఊళ్లో శిల్పులు ఎక్కువ. వాళ్ల షెడ్ల ముందు రోడ్డు పక్కన, రాతి పొడిలో, ముక్కు తేలని వినాయకులు, చేతులు ఇంకా బండలోంచి విడిపడని అమ్మవార్లు, వీపు చెక్కని నందులు వరసగా పడి ఉండేవి. బడికి పోతూ వాటి మీద కూర్చునేవాళ్లం. శిల్పి ఏమీ అనేవాడు కాదు. కళ్లు తెరిచేదాకా అది రాయేనని వాళ్ల లెక్క. ఎవరో గుడి కట్టేవాళ్లు వచ్చి లారీకెక్కించుకుపోయి, ప్రతిష్ఠ నాడు కన్నులు దిద్దాక దండం పెట్టేవాళ్లు. మేము కూర్చున్న సంగతి వాళ్లకేం తెలుసు? నంద్యాల తడిక వెనక నాకు కనపడింది దానికి తిరగేసిన పని. షెడ్డులో రాయి దేవుడవుతుంది, ఇక్కడ దేవుడు మనిషవుతాడు. రెండూ చూసేందుకు టికెట్ లేదు. ఎదురుచూడటమే ఖర్చు.

అసలు మా వైపు దేవుడే ఎదురు వస్తాడు. అహోబిలం నరసింహస్వామి కనుమ పండుగతో పార్వేటకు బయల్దేరి, నలభై రోజుల పైచిలుకు పల్లకీలో ఊరూరూ తిరుగుతాడు. తన పెళ్లికి తానే పిలుపులకు వస్తాడని మా జేజి చెప్పేది. మేము మా వాకిట్లోనే నిలబడి కాచుకునేవాళ్లం.

ఇంత మురిపెంగా రాస్తున్నాను గానీ, తడిక దగ్గర నిలబడే వాళ్లందరూ మా నాయన లాంటి వాళ్లు కాదు. చంద్రమతి వేషం కట్టే ఆమె కోసం కాచుకునే మగవాళ్ల చూపులు వేరుగా ఉండేవి. చింతామణి ఆడిన రాత్రి మరీ. కాళ్లకూరి నారాయణరావు ఆ నాటకం రాసింది వేశ్యల ఇళ్ల చుట్టూ తిరిగి కొంపలు కూల్చుకునే మగవాళ్లకు బుద్ధి చెప్పడానికి. ఆ బుద్ధి మాటలు రాత్రంతా విని, చప్పట్లు కొట్టి, తెర పడగానే తడిక దగ్గరికి వచ్చి ఈలలు వేసేవాళ్లు. సుబ్బిశెట్టి పాత్ర మీద అభ్యంతరాలు వచ్చి 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించినప్పుడు వాదోపవాదాలు చాలా నడిచాయి. చింతామణి వేషం కట్టిన ఆడవాళ్లు తడిక వెనక పడ్డ బాధ గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. అప్పట్లో ఆ వేషం కట్టే ఆమెతో పాటు ఒక ముసలామె, తల్లో పెద్దమ్మో, చేతిలో తమలపాకుల సంచితో తడికకు అడ్డంగా కూర్చునేది. నన్ను కూడా పొమ్మనేది. ఎందుకో తెలిసే వయసు వచ్చాక ఆమె మీద గౌరవం పెరిగింది. బళ్లారి రాఘవ ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలని పట్టుబట్టిన పెద్దమనిషి. ఆ మాట సాగింది. ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. స్టేజీ దిగాక దారి ఎట్లా ఉండాలన్నది ఎవరూ పట్టించుకోలేదు.

సురభి వాళ్లకు ఈ బాధ కొంత తక్కువేమో. 1885లో మా పక్కనున్న కడప జిల్లా సురభి ఊళ్లో కీచక వధతో మొదలైన నాటకాలు కుటుంబాలుగానే సాగాయి. స్టేజీ వెనకే వంట, స్టేజీ వెనకే ఉయ్యాల. అక్కడ తడిక దగ్గర కాచుకోవడమంటే అర్ధరాత్రి ఒకరి ఇంటి ముందు నిలబడటమే. కాస్త సిగ్గు ఉన్నవాడు అట్లా నిలబడడు.

మళ్లీ ఆ రాత్రికి వస్తాను. తెల్లవారుజామున నంద్యాల బస్టాండులో కడప పోయే బస్సు ఎక్కాం. మా ముందే ఒకాయన రేకుల పెట్టె టాపు మీదికి ఎక్కించి, లుంగీ మడిచి కట్టుకుని, భుజాన టవలుతో వచ్చి మా సీట్లో చివర కూర్చున్నాడు. మైదుకూరుకు టికెట్ తీసుకున్నాడు. నేను ముఖం చూసి గుర్తుపట్టలేదు. చెవి చూసి పట్టాను. చెవి వెనక, నూనె గుడ్డ అందని చోట, వేలి వెడల్పున నీలం మిగిలిపోయింది.

శిరివెళ్ల దాటకముందే ఆయనకు నిద్ర పట్టి, తల మా నాయన భుజం మీద వాలింది. నాయన కదల్లేదు. బస్సు గుంతల్లో పడ్డప్పుడల్లా చేయి అడ్డం పెట్టి ఆ తల జారకుండా పట్టుకున్నాడు. ఆళ్లగడ్డ దాకా అట్లాగే వచ్చాం. రాత్రి తడిక దగ్గర ఆయనకు చెప్పాలనుకున్న పద్యం సంగతి చెప్పనే లేదు.

“నాయనా, చెవి వెనక రంగుంది, చెప్దామా?” అన్నాను గుసగుసగా.

“చెప్పాకురా. ఇల్లు చేరేదాకా ఉండనీ.”

ఇప్పుడు తడికలు పోయాయి. షామియానా వాళ్లే గ్రీన్‌రూం కూడా గుడ్డలతో కట్టిస్తున్నారు. కాచుకునేవాళ్లు కూడా మారారు. సెల్‌ఫోన్లు పట్టుకుని తెర పడీపడకముందే వస్తారు, కిరీటం తీసినవాణ్ణి మళ్లీ పెట్టుకోమంటారు. “అన్నా, పిల్లనగ్రోవి పట్టుకో అన్నా” అని ఒకడు. ఆయన నీళ్ల సీసా పక్కన పెట్టి, నవ్వి, మళ్లీ కృష్ణుడవుతాడు. ఒకరి తర్వాత ఒకరు. మేము దేవుడి లోపల మనిషిని చూడటానికి నిలబడ్డాం. వీళ్లు ఆ మనిషిని బయటికి రానివ్వరు. ముసలితనపు సణుగుడు అనుకోండి, ఫరవాలేదు. అయినా సెల్ఫీలకైనా పదిమంది వస్తున్నారంటే ఆ నటుడికి సంతోషమేనని కూడా నాకు తెలుసు. ఎవరూ రాని రాత్రులు వాళ్లకు చాలానే ఉంటాయి. అట్లాంటి రాత్రి వాళ్లు వేషం మడతపెట్టడానికి ఎక్కువ సేపు తీసుకుంటారు, ఆభరణాలు లెక్కపెట్టినవే లెక్కపెడతారు.

మొన్న చలికాలంలో నంద్యాలలో రాయబారం చూశాను. వంద కుర్చీలు వేస్తే చివరికి ఇరవై మంది మిగిలారు. కృష్ణుడికి అరవై దాటి ఉంటాయి. నేను నాయన లెక్క ప్రకారం కాసేపు ఆగి లోపలికి పోయేసరికి, లైట్ల వాళ్లు బల్బులు విప్పేసుకుని వైర్లు చుడుతున్నారు. చీకట్లో ఆయన నూనె సీసా కోసం తడుముకుంటున్నాడు.

“ఫోటో కావల్నా సార్? ఉండండి, కిరీటం పెడతా.”

“ఫోటో వద్దన్నా. మీరు తుడుచుకోండి.”

సెల్లులో టార్చి వేసి, ఆయన అద్దం పక్కన పట్టుకున్నాను. నుదురు, బుగ్గలు, గడ్డం. గుడ్డ తిరిగిన చోటల్లా నెరిసిన మాసిన గడ్డం బయటపడుతోంది. కొంచెం ఎడమకు పట్టమన్నాడు. పట్టాను. రాయబారంలో దుర్యోధనుడు నవ్వినప్పుడు ఆయన పద్యం ఎత్తుకోవడానికి ఒక్క క్షణం ఆలస్యం చేసిన సంగతి చెప్పాను. గుడ్డ ఆగింది. “అది మీరు కనిపెట్టినారా?” అన్నాడు అద్దంలోకి చూస్తూనే.

తర్వాత మెడ వంచి, “చెవుల ఎనక ఏమన్నా మిగిలిందా సార్, చూడండి,” అన్నాడు.

టార్చి దగ్గరగా పెట్టి చూశాను. ఉంది, వేలి వెడల్పున.

“ఏం లేదన్నా,” అన్నాను.