పది మెగాహెర్ట్జ్ జారకుండా

హైదరాబాద్‌లో పడమటి దిక్కుకు తిరిగి, నేల అంచు నుంచి సుమారు 28 డిగ్రీల ఎత్తుకు డిష్ ఎత్తితే ఒక ఉపగ్రహం దొరుకుతుంది. ఖతార్‌కు చెందిన ఎస్‌హైల్-2 అది. 2018 నవంబరు 15న నింగికెక్కింది. టీవీ ప్రసారాల పక్కనే హామ్‌లకూ, అంటే సరదాగా రేడియో నడిపేవాళ్లకూ, అందులో కాస్త చోటిచ్చారు. భూస్థిర కక్ష్యలో హామ్‌లకు దక్కిన మొదటి నెలవు అదే. వాళ్లు దాన్ని క్యూఓ-100 అంటారు. ఒక టీవీ డిష్, ఒక బ్యాటరీ, ఒక రిసీవర్ ఉంటే పొలం గట్టు మీద కూర్చుని ఐరోపా, ఆఫ్రికా గొంతులు వినవచ్చు.

వినవచ్చు కానీ, ఆ గొంతు ఉన్నచోట ఉండదు. జారుతూ పోతుంది.

తప్పు ఉపగ్రహానిది కాదు. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బిలో గోరంత క్రిస్టల్ ఒకటి ఉంటుంది. దాని 25 మెగాహెర్ట్జ్‌ను 390 రెట్లు చేసి 9,750 మెగాహెర్ట్జ్ తయారుచేస్తారు. కంపనాన్ని పెంచితే తప్పూ అన్ని రెట్లు పెరుగుతుంది. ఎండ తగిలి క్రిస్టల్ కేవలం 25 హెర్ట్జ్ జారిందనుకుంటే, చివర వినిపించే చోట తేడా 9,750 హెర్ట్జ్. ఒక మనిషి మాటకు పట్టే వెడల్పు 2,700 హెర్ట్జే. అంటే ఒక్క మబ్బు వచ్చిపోయేలోగా మూడు సంభాషణలు దాటి పోవచ్చు.

కొండలెక్కి 10,368 మెగాహెర్ట్జ్‌లో పలకరించుకునే అమెరికా, ఇంగ్లండ్ హామ్‌లకు ఇది పాత తలనొప్పి. అరవై సెంటీమీటర్ల డిష్ చూపు మూడున్నర డిగ్రీలకు మించదు. అవతలివాళ్లు వినపడకపోతే డిష్ తప్పిందా, ఫ్రీక్వెన్సీ తప్పిందా, అసలు దారే లేదా? రేడియో ఫ్రీక్వెన్సీని సరిచూసుకోవడానికి నమ్మదగిన 10 మెగాహెర్ట్జ్ ఆధారం వెంట ఉంటే ఈ మూడింట్లో ఒక అనుమానం తీరిపోతుంది. ఆ ఆధారాన్ని కొండ మీదికి మోసేది అందుకే.

ఎక్కువమంది మోసేది ఓసిఎక్స్ఓ. క్రిస్టల్‌ను 70, 80 డిగ్రీల వేడిలో ఉంచే చిన్న పొయ్యి అది. బయట అరకు చలి ఉన్నా, మే నెల ఎండ ఉన్నా లోపలి వేడి మారకూడదు. కొన్ని నిమిషాల్లో వేడెక్కుతుంది కానీ, రోజుల తరబడి ఆపి ఉంచితే కుదురుకోవడానికి గంటలు పడుతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందురాత్రి ఇంట్లోనే ఆన్ చేసి, దారి పొడవునా కారు బ్యాటరీ మీద నడిపిస్తారు. కొండ మీద బ్యాటరీ మార్చేటప్పుడు క్షణం కూడా కరెంటు పోకుండా రెండు డయోడ్లతో రెండు బ్యాటరీలనూ కలిపి ఉంచుతారు. గాలి తగలకుండా థర్మోకోల్ పెట్టె. వేడి బయటికి పోయే దారి మాత్రం మూయకూడదు. ఇంకొకటి చాలామంది మరచిపోతారు: తలకిందులుగా పెడితే గురుత్వ ప్రభావంతోనే క్రిస్టల్ కాస్త మారుతుంది. నూరు కోట్లలో రెండు వంతులు మారినా, 10,368 మెగాహెర్ట్జ్ దగ్గర అది 20 హెర్ట్జ్. కొండ మీద ఎలా పెడతారో, ఇంట్లో సరిచేసేటప్పుడూ అలాగే పెట్టాలి.

జీపీఎస్ కలిపితే పని సులువే, ఓపిక ఉంటే. జీపీఎస్ సెకనుకొకటి చొప్పున ఇచ్చే పల్స్ పది నానోసెకన్లు అటూ ఇటూ ఊగినా, ఒక్క సెకనులో కొలిస్తే పది గిగాహెర్ట్జ్ దగ్గర తప్పు 100 హెర్ట్జ్. వెయ్యి సెకన్లు కొలిస్తే అది వెయ్యో వంతుకు దిగుతుంది. కాబట్టి క్షణక్షణం నిలకడ క్రిస్టల్ చూసుకుంటుంది, జీపీఎస్ దాన్ని నిదానంగా దిద్దుతుంది. చెట్టు కింద పెట్టి, ఆన్ చేసిన అయిదు నిమిషాలకే పని మొదలుపెడితే ఆ దిద్దుబాటు అందదు. మొబైల్ టవర్ల నుంచి తీసేసిన రుబీడియం ఆధారాల పెట్టెలు ఇంకా మెరుగే, కానీ బ్యాటరీని తినేస్తాయి.

క్యూఓ-100 వినేవాళ్లకు ఖర్చు లేని ఆధారం ఒకటుంది. 10,489.750 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ ఉపగ్రహం బీకన్ పలుకుతూ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుని జారుడును సరిచేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారు పెట్టెలు కొనకముందు ఒక ఆదివారం ఉదయం నుంచి సాయంత్రం దాకా, ఆ బీకన్ తమ రిసీవర్‌లో ఎక్కడ వినిపిస్తోందో అరగంటకోసారి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. పక్కనే అప్పటి ఎండ, గాలి కూడా.