రోగి మంచం పక్కన చాప్లెయిన్

ఆసుపత్రిలో రోగుల ఆధ్యాత్మిక అవసరాలు చూసేందుకు నియమితులైన ఉద్యోగి చాప్లెయిన్. అమెరికా, బ్రిటన్ వంటి దేశాల పెద్దాసుపత్రుల్లో ఇది స్థిరపడిన వృత్తి. బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పటి నుంచీ చాప్లెయిన్లు అందులో భాగంగా ఉన్నారు. ప్రార్థన చేయడం, మతకర్మలు జరిపించడం ఈ పనిలో కొంత మాత్రమే. జబ్బుపడ్డ మనిషికి నాకే ఎందుకిలా అయింది, ఇది దేనికి శిక్ష, నేను పోతే నా వాళ్లేమైపోతారు అనే ప్రశ్నలు పుడతాయి. వాటిని ఆ మనిషి నోరు తెరిచి చెప్పుకోగలిగేలా చేయడమే ఈ పనిలో అసలు కష్టం.

చాప్లెయిన్లకు ఇచ్చే శిక్షణకు పునాది వేసినవారిలో ముఖ్యుడు ఆంటన్ బోయిసెన్ (1876–1965). ఆయన స్వయంగా రోగి. 1920లో తీవ్రమైన మానసిక కల్లోలానికి గురై మసాచుసెట్స్ ఆసుపత్రుల్లో ఏడాదికి పైగా గడిపాడు. తన బాధలో జబ్బు ఎంత ఉందో మతపరమైన సంఘర్షణ కూడా అంతే ఉందని ఆయనకు తోచింది. కోలుకున్నాక 1924లో వూస్టర్ స్టేట్ హాస్పిటల్లో చాప్లెయిన్‌గా చేరాడు. మరుసటి ఏడాది వేసవిలో నలుగురు వేదాంత విద్యార్థులను తెచ్చి, వార్డుల్లో అటెండర్ల పనిలో పెట్టాడు. పుస్తకాలను ఎంత శ్రద్ధగా చదువుతారో మనుషుల్నీ అంత శ్రద్ధగా చదవాలన్నది ఆయన పట్టుదల. క్లినికల్ పాస్టొరల్ ఎడ్యుకేషన్ అనే శిక్షణ అలా మొదలైంది.

ఈ శిక్షణలో అన్నిటికన్నా విలువైన పరికరం వెర్బేటిమ్. 1930లలో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో చాప్లెయిన్‌గా ఉన్న రస్సెల్ డిక్స్ దీన్ని వాడుకలోకి తెచ్చాడు. విద్యార్థి రోగిని కలిసి వచ్చాక, నడిచిన మాటలన్నీ జ్ఞాపకమున్నంత వరకు నాటకంలో సంభాషణల్లా వరసగా రాస్తాడు. ఎక్కడ మౌనం వచ్చింది, రోగి ఎప్పుడు కిటికీ వైపు తిరిగాడు, తనకు ఆ క్షణంలో ఏమనిపించింది అన్నవీ రాయాలి. పేరు, గుర్తుపట్టే వివరాలు తీసేసి దాన్ని తోటి విద్యార్థుల ముందు, బోధకుడి ముందు చదువుతాడు. ఉదాహరణకు ఒక పెద్దావిడ, “ఆయన పోయి ఆరేళ్లయింది. దేవుడు నన్ను కూడా తీసుకెళ్లిపోతే బాగుండు” అంటుంది. విద్యార్థి, “అలా అనకండమ్మా, మీకేం కాదు” అంటాడు. ఆవిడ, “సరేలే బాబూ” అని ఊరుకుంటుంది. కాగితం మీద చూస్తే తలుపు ఎక్కడ మూసుకుపోయిందో తెలిసిపోతుంది. ఆ ధైర్యవచనం ఎవరి భయాన్ని తగ్గించడానికి, ఆవిడదా, నీదా అని బృందం అడుగుతుంది. “ఆయన గురించి చెప్పండమ్మా” అని ఉంటే మాట ఎటు పోయేదో చర్చిస్తారు. ఎవరి తప్పూ వెతకడం దీని ఉద్దేశం కాదు, అయినా ఈ పరీక్షకు నిలవడం తేలిక కాదు. తనకు చావంటే భయమని, తండ్రి మీద కోపం ఇంకా ఆరలేదని విద్యార్థి కనిపెట్టేది చాలాసార్లు ఇక్కడే.

గదిలో ప్రవర్తించే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. లోపలికి రావచ్చా అని అడగాలి. రోజంతా సూదులకీ పరీక్షలకీ కాదనలేని రోగి, వద్దు అని చెప్పగలిగేది ఒక్క చాప్లెయిన్‌కే కావచ్చు. ఆ హక్కును గౌరవించడమూ సేవే. నిలబడి మాట్లాడకుండా కళ్లు కలిసే ఎత్తులో కూర్చోవాలి. మతం ఊసు తాను ముందుగా ఎత్తకూడదు. రోగి ఆగిపోయినప్పుడు ఆ నిశ్శబ్దాన్ని మాటలతో నింపేయకూడదు.

విన్నదాన్ని అంచనా కట్టడానికి కొన్ని పద్ధతులున్నాయి. డాక్టర్లు, నర్సులు కూడా వాడగలిగేలా క్రిస్టీనా పుచాల్‌స్కీ అనే వైద్యురాలు, ఆమె సహచరులు 1996లో ‘ఫికా’ను రూపొందించారు. రోగి దేన్ని నమ్ముతాడు, అది అతనికి ఎంత ముఖ్యం, అతనికి తోడుగా నిలిచే సమాజం ఏది, చికిత్సలో దీన్ని ఎలా గమనించుకోవాలి అన్నవి అందులోని నాలుగు ప్రశ్నలు. చాప్లెయిన్ ఇంకా లోతుకు వెళ్లి అపరాధభావం, ఒంటరితనం, తెగిపోయిన బంధాలు చూస్తాడు. వైద్యబృందానికి అవసరమైనంత మేరకు కేస్ షీట్‌లో రాస్తాడు. నమ్మి చెప్పిన మాట మాత్రం అక్కడికి ఎక్కదు.

మతప్రచారం నిషేధం. ఉత్తర అమెరికా చాప్లెయిన్ సంఘాలు 2004లో కలిసి ఆమోదించిన నియమావళి ఈ సంగతి స్పష్టంగా చెబుతుంది. కాథలిక్ రోగికి తైలాభిషేకం కావాలంటే ఫాదర్‌ని, ముస్లిం కుటుంబం కోరితే ఇమామ్‌ను పిలిపిస్తారు. హిందూ రోగి చివరి ఘడియల్లో తులసితీర్థం పోయడానికి వీలుంటుందా అని నర్సుతో మాట్లాడతారు. పిల్లల దగ్గరికి వెళ్లి అమెరికాలో ఆసుపత్రి పాలైన తెలుగు తల్లిదండ్రులకు ఇలాంటి మధ్యవర్తిత్వం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. దేవుణ్ణి నమ్మనివారికీ ఈ సేవ ఉంటుంది. బ్రిటన్ ఆసుపత్రుల్లో మానవవాదులూ ఈ పని చేస్తున్నారు.

అమెరికాలో బోర్డు గుర్తింపు పొందాలంటే వేదాంతంలో లేదా సంబంధిత విషయంలో మాస్టర్స్ పట్టా, ఒక్కోటి 400 గంటల చొప్పున నాలుగు యూనిట్ల శిక్షణ, ఆపైన 2,000 గంటల అనుభవం కావాలి. రాత్రి డ్యూటీలు తప్పవు. ప్రమాదంలో పోయిన కుర్రాడి తల్లి అత్యవసర విభాగానికి చేరేసరికి ఆమె పక్కన కూర్చునేది తరచుగా చాప్లెయిన్లే.

ఈ పని విలువను వైద్యం గుర్తించేలా చేసినవారిలో సిసిలీ సాండర్స్ ముందుంటారు. ఆమె 1967లో లండన్‌లో మరణానికి చేరువైన రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించారు. శరీరం, మనసు, సంసారం, ఆత్మ నాలుగూ కలిసిందే రోగి నొప్పి అన్నది ఆమె దృష్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పాలియేటివ్ కేర్ (ఉపశమన చికిత్స) నిర్వచనంలోనూ ఆధ్యాత్మిక సమస్యల ప్రస్తావన ఉంది.

మన దగ్గర వేలూరు సీఎంసీలో చాప్లెయిన్ల విభాగం, ఆ పనిలో శిక్షణా ఉన్నాయి. చిత్తూరు వైపు నుంచి అక్కడికి వెళ్లే తెలుగు రోగులు ఎందరో. మన కుటుంబాల్లో జబ్బు పేరు రోగికి చెప్పొద్దని బంధువులు బతిమాలడం మామూలు. రోగికేమో అంతా తెలిసే ఉంటుంది. అలాంటప్పుడు చాప్లెయిన్ రోగి మాట ఒకసారి, వరండాలో కొడుకు మాట ఒకసారి విడివిడిగా వినాలి. ఒకరి దగ్గర ఒకరు దాస్తున్నది ఒకటే అని తెలిసినా, దాన్ని తాను బయటపెట్టకుండా, వాళ్లే మాట్లాడుకునేందుకు సమయం కుదర్చాలి.