బుచ్చమ్మ అమాయకురాలా?

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును చదివినవారు మధురవాణి తెలివిని మెచ్చుకొనక మానరు. గిరీశము మాటల గారడికి నవ్వుకొనక మానరు. ఈ యిరువురి వెలుగులో బుచ్చమ్మ మరుగుపడిపోయినది. అగ్నిహోత్రావధానులు పెద్దకూతురు, బాలవితంతువు, లోకమెరుగని పిల్ల, గిరీశము వలలో పడిన అమాయకురాలు: సాధారణముగా మనము ఆమెకిచ్చు పరిచయమింతే. తరగతిలో నేనును చాలకాలము అట్లే పాఠము చెప్పితిని. మరల మరల చదివినకొలది ఆ మాట సరికాదని తోచినది. కారణములను పాఠకులకు మనవి చేయుదును.

ఈ నాటకము 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. చాలవరకు తిరుగ వ్రాయబడి 1909లో రెండవ కూర్పుగా వెలువడినది. ఈ వ్యాసమునకు ఆధారము ఆ రెండవ కూర్పే. విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములయందు జరిగిన శుల్కవివాహములు 1,034 అని గురజాడవారు తొలి కూర్పు పీఠికలో లెక్క యిచ్చిరి. అట్టి లెక్కలో చేరనున్న మరియొక అంకె బుచ్చమ్మ చెల్లెలు సుబ్బి. 1,800 రూపాయలకు ఆ పసిపిల్లను ముదుసలియగు లుబ్ధావధానులకు కట్టబెట్ట తండ్రి నిశ్చయించినాడు. దానినెట్లు తప్పించుట? బుచ్చమ్మ కథకు మూలము ఈ ప్రశ్నయే.

ద్వితీయాంకములోని భోజనాల ఘట్టమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కొడుకు వెంకటేశము ఇంగ్లీషు చదువునకగు ఖర్చును గూర్చి అవధానులు మండిపడుచున్నాడు. భార్య వెంకమ్మ వాదించుచున్నది. బావమరది కరటకశాస్త్రి ఎత్తిపొడుచుచున్నాడు. ఎవరి మాటయు అవధానులను కదలింపలేదు. అప్పుడు బుచ్చమ్మ నోరు విప్పి, తమ్ముని మీది కోపముతో చెల్లెలిని ఆ ముసలివానికీయవద్దని తండ్రిని వేడుకొనును. అన్నది ఒక్క మాట. పెద్దలందరును సంబంధము మంచిచెడ్డలను తర్కించుచుండగా, ఆ పట్టుదలకు వెనుకనున్న కోపమును గుర్తించినది ఆమె యొక్కతెయే. రోగమెక్కడ నున్నదో చెప్పిన వైద్యునకు దక్కిన బహుమానమేమి? తండ్రి నీళ్లు తెచ్చి ఆమె నెత్తిన కుమ్మరించినాడు. ఆ మాట సూటిగా తగిలినది కనుకనే అంత ఆగ్రహము కలిగినది.

ఆ యింటిలోనే తెలివికి మరియొక కొలమానము కూడ కలదు. గిరీశమును వెంకటేశమును ఇంగ్లీషులో సంభాషించినట్లు నటించి, బడిపుస్తకములోని ముక్కలను ఒకరికొకరు అప్పగించుకొందురు. వెంకమ్మ విని మురిసిపోవును. కోర్టు వ్యవహారములలో అక్కరకు వచ్చునని అవధానులును గిరీశమును నెత్తి కెక్కించుకొనును. అర్థము కాని భాష ఎంత ధారాళముగా వచ్చిన అంత తెలివి యని ఆ యింటి లెక్క. ఆ కొలతకు బుచ్చమ్మ అందదు. ఆమె మాటలు పొట్టివి, తరచుగా ప్రశ్నలు. వితంతు వివాహమును గూర్చి గిరీశము స్వర్గము దాక నిచ్చెన వేసి ఉపన్యసించునపుడు, ఆమె అది తప్పు కాదాయని యడుగును. అడుగుటయే వివేకమునకు తొలి మెట్టు గదా!

ఇక లేచిపోవుట. బుచ్చమ్మ తెలివితక్కువకు అందరును చూపు నిదర్శనమిదే. కాని ఆమె గిరీశముతో బయలుదేరుటకు ఒప్పుకొన్నది ఎప్పుడు? స్వసుఖమును గూర్చిన వర్ణనలకు ఆమె లొంగలేదు. చెల్లెలి పెండ్లి తప్పుటకు అదియే యుపాయమని అతడు నమ్మించిన పిమ్మటనే ఒప్పుకొన్నది. ఆమె ముందున్న దారులను లెక్కింపుడు. తండ్రిని బతిమాలుకొన్నది, నెత్తిన నీళ్లు పడినవి. తల్లి నూతిలో దూకినది. అయినను అవధానులు మారలేదు. మేనమామ పన్నుగడ వేరొకచోట రహస్యముగా నడచుచున్నది. తుదకు లుబ్ధావధానులనుండి సుబ్బిని తప్పించినది ఆ పన్నుగడయే. కాని బుచ్చమ్మకు ఆ సంగతి తెలియదు. తెలిసినంతలో మిగిలిన దారి ఒక్కటే. దానికి వెల తన పరువు, తన పుట్టినిల్లు. ఆ వెల చెల్లించుటకు ఆమె సిద్ధపడినది.

ఎట్లయినను ఆమె మోసపోయినది గదా యని యనవచ్చును. నిజమే. అయితే ఆ నాటకమున మోసపోనివారెవరు? వేదము చదివిన అగ్నిహోత్రావధానులు అదే గిరీశమును నమ్మినాడు. రూపాయిని పదిమార్లు తిప్పి చూచు లుబ్ధావధానులు ఆడవేషము వేసిన మగపిల్లవానికి తాళి కట్టినాడు. వ్యవహారదక్షుడనని విఱ్ఱవీగు రామప్పంతులు మధురవాణి చేతిలో బొమ్మ యైనాడు. వీరినెవరిని మనము అమాయకులని పిలువము. నాలుగు గోడల నడుమ నుంచబడి, గిరీశము విజయనగరపు నడవడిని వినుటకును వీలులేని బుచ్చమ్మను మాత్రము పిలుతుము. సమాచారము లేకుండుట వేరు, బుద్ధి లేకుండుట వేరు. ఈ రెంటికి గల భేదమును విస్మరించుటయే మన పొరపాటు.

నాటకాంతమున సౌజన్యారావు పంతులు ఆమెను గిరీశమునకీయక, విద్యాభ్యాసమునకై పూనాలోని వితంతు శరణాలయమునకు పంప నిర్ణయించును. అది ఊహాలోకపు మాట కాదు. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో స్థాపించిన శారదాసదనము మరుసటి యేడు పూనాకు తరలినది. ధోండో కేశవ కర్వే 1896లో పూనాలో వితంతు గృహమును నెలకొల్పినాడు. భర్తను గాక మొదట చదువును ఇచ్చుటలో, ఆమె బుద్ధిపై గురజాడవారికి గల నమ్మకము వ్యక్తమగుచున్నది. అయినను ఒక లోటు చెప్పకతప్పదు. ఆ నిర్ణయము జరుగునపుడు బుచ్చమ్మ రంగస్థలముపై లేదు. ఆమె యిష్టమేమని అడిగినవారును లేరు. జీవితమంతయు ప్రశ్నలడిగిన పిల్లకు, తన విషయమున జవాబు చెప్పు అవకాశము దొరకలేదు.

మహారాష్ట్రములో తరతరములుగా స్థిరపడిన మనకు ఈ ముగింపు మరింత దగ్గరిది. బుచ్చమ్మ చదువుకొనవలసినది మన యిరుగుపొరుగుననే. అంతకన్న దగ్గరి సంగతి మరియొకటి కలదు. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, కొలువునకు ఇంగ్లీషు. ఈ మూటి నడుమ మాట తడబడి మూలను కూర్చుండు ఆడపిల్లలు ప్రతి యేడును నా తరగతిలో నుందురు. వారిని మందమతులని ఇతరులనగా వింటిని. ఒకప్పుడు నేనును అంటిని. ధారాళముగా మాటలాడువాడు గిరీశము కావచ్చును. ఒక్క ప్రశ్న అడిగి ఊరకుండునది బుచ్చమ్మ కావచ్చును. ఆ ప్రశ్న వినబడినపుడు నెత్తిన నీళ్లు కుమ్మరింపక, కూర్చుండబెట్టి బదులు చెప్పుట తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును విధి.