'అసాసినేషన్' అనే మాట: అర్థం, అపవాదు

పటమట బజారులో ఎవరినైనా పొడిచి చంపితే జనం దానిని 'మర్డర్' అంటారు, పెద్దవాళ్ళు 'ఖూనీ' అంటారు, పత్రిక 'దారుణ హత్య' అని రాస్తుంది. చనిపోయినవాడు నాయకుడైనా మాట మారదు. 1948లో గాంధీజీని చంపినా, 1988 డిసెంబరు 26న విజయవాడలో దీక్షా శిబిరంలో ఉన్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగాను చంపినా తెలుగులో అది హత్యే. ఇంగ్లీషు మాత్రం ప్రముఖుల హత్యకు 'అసాసినేషన్' అనే ప్రత్యేక పదం ఉంచుకున్నది. ముస్లిం పాఠకుడు ఈ పదాన్ని కొంచెం ఆగి చూడవలసి ఉంది. దాని పుట్టుక ఇస్లామీయ చరిత్రలో ఉన్నది మరి.

ఇంగ్లీషు నిఘంటువులు దీని మూలం అరబీ 'హషీషీ' అని, అంటే హషీష్ సేవించేవాడని చెప్పి ఊరుకుంటాయి. ఈ వ్యుత్పత్తిని 1809లో ఫ్రెంచి పండితుడు సిల్వెస్త్ర్ ద సాసీ నిర్ధారించాడు. పదమూలం వరకు ఆయన మాట నిలిచింది. దాని వెంట వచ్చే కథ మాత్రం నిలవదు.

హసన్ బిన్ సబ్బాహ్ 1090లో (హిజ్రీ 483) ఇరాన్ కొండల్లోని అలమూత్ కోటను పట్టుకున్నాడు. ఆయన అనుచరులైన నిజారీ ఇస్మాయిలీలు ఎందరో వజీర్లను, అమీర్లను కత్తులతో చంపారన్నది చరిత్ర. హిజ్రీ 485 రమజాన్‌లో సల్జూఖీ వజీరు నిజాముల్ ముల్క్‌ను సూఫీ వేషంలో వచ్చినవాడు పొడిచి చంపాడు. ఆ నెత్తురును ఎవరూ కడిగివేయలేరు.

అయితే మత్తు ఎక్కడిది? హషీష్ అంటే అరబీలో ఎండుగడ్డి. 'హషీషియ్య' అనేది పన్నెండో శతాబ్దిలో ప్రత్యర్థులు నిజారీలపై విసిరిన తిట్టు. నీచులు, అలగాజనం అన్నట్టు వాడినది. వారిని ద్వేషించిన ఆనాటి ముస్లిం చరిత్రకారులు సైతం, వారు మత్తు తాగి చంపేవారని రాయలేదు. పాలు, తేనె, ద్రాక్షసారాయం పారే దొంగ స్వర్గంలో యువకులను మత్తులో ఉంచి పంపేవారన్న కథను లోకమంతా తిప్పినది మార్కో పోలో గ్రంథం. ఆయన ప్రయాణం మొదలైనది 1271లో. అలమూత్‌ను మంగోలులు 1256లోనే కూల్చారు! పైగా నెలల తరబడి వేషం మార్చి, శత్రువు కొలువులో చేరి, సమయం కోసం కాచుకున్నవాడు మత్తులో ఉండే మనిషేనా? 1994లో ఫర్హాద్ దఫ్తరీ తన గ్రంథంలో ఈ కట్టుకథల పొరలన్నిటినీ విప్పి చూపాడు. అయినా నిఘంటువుల్లో ఆ వాక్యం అలాగే ఉన్నది.

నిజారీల అఖీదాను సున్నీ ఉలమా ఖండించారు, ఇమామ్ గజాలీ బాతినీలపై ప్రత్యేకంగా గ్రంథమే రాశారు. కాని ఖండన వేరు, నింద వేరు. ఒక జాతి పట్ల ద్వేషం న్యాయం తప్పడానికి కారణం కారాదని సూరా మాయిదా ఆదేశిస్తున్నది. గిట్టనివారిపై పుట్టిన అబద్ధమైనా అబద్ధమే. చూడబోతే ఈ అబద్ధం ఒక్క తెగతో ఆగలేదు కూడా. పడమటి రాతల్లో అది ముస్లిముల స్వభావానికే నమూనాగా తిరుగుతున్నది.

ఇక తెలుగు సంగతి. 'అసాసినేషన్‌'కు సరిసమానమైన ఒక్క పదం తెలుగులో లేకపోవడం లోటని కొందరు అనువాదకుల బెంగ. అవసరమైన చోట 'రాజకీయ హత్య' అంటే చాలు. వజీరుకు ఒక మాట, రిక్షావాడికి ఒక మాట లేకపోవడం భాషకు పరువు తక్కువ కాదు. ఒక్క ప్రాణాన్ని అన్యాయంగా తీయడం సమస్త మానవులను చంపినట్టే అన్న దివ్యఖుర్ఆన్ భావానికి తెలుగు 'హత్యే' దగ్గర.

'ఖూనీ' కథ మరీ విచిత్రం. ఫారసీలో ఖూన్ అంటే నెత్తురు, ఖూనీ అంటే నెత్తుటి మనిషి, హంతకుడు. కృష్ణా తీరానికి వచ్చేసరికి అదే చేసిన పనికి పేరైంది. చేసినవాడికి 'ఖూనీకోరు' అని వేరే మాట పుట్టింది. ఇది కూడా ముస్లిముల పలుకుబడి నుంచి వచ్చిన మాటే. కాని ఏ తెగకూ మచ్చ అంటించకుండా తెలుగులో కలిసిపోయింది.