కుండీ మార్చడమేనా చదువంటే?

ఇంటర్ పూర్తిచేసిన మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, నేను జర్నలిస్టునవుతాను. ఏ కాలేజీలో చేరమంటావ్?" వెనక నుంచి అక్క గొంతు: "సాయంత్రం అయిదింటికల్లా ఇంటికొచ్చే కాలేజీ చెప్పవే."

ఆ రెండు మాటలూ విన్నాక అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్‌సాయ్ బ్రతుకు' మళ్లీ తీశాను. అయిదో తరగతితో చదువు ఆగిపోయిన అక్కయ్య, కాలేజీలో చదివి ఉద్యోగం చేస్తున్న చెల్లెలు. ఆడపిల్లల పెంపకం గురించిన కథగానే నేనూ ఇన్నాళ్లు దీన్ని పాఠం చెప్పాను. ఈసారి మరో సంగతి పట్టుకుంది. కుండీలో తురాయిని ముచ్చటగా పెంచింది చదువుకున్న చెల్లెలు. అది ఆడదాని బతుకులా ఉందని పోల్చింది మాత్రం చదువులేని అక్కయ్య.

అలాగని రాయాలనుకునే పిల్లకి కాలేజీ అక్కర్లేదనలేను. అక్కయ్య చూసింది, కథగా మనకి చెప్పింది చెల్లెలు. చూపు ఎక్కడైనా పుడుతుంది. దాన్ని నలుగురి ముందూ పెట్టడానికి చదువు కావాలి. ఎలాంటి చదువన్నదే ప్రశ్న.

నా డిగ్రీ కాలేజీలో చివరి క్లాసు అయ్యేది నాలుగింటికి, బస్సు కదిలేది నాలుగూ పదికి. మూడేళ్లూ లైబ్రరీ పుస్తకాలను బీరువా అద్దాల్లోంచే చూశాను. రిపోర్టర్ని కావాలనుకుని పరిశోధకురాలినయ్యాను. పరిశోధన నాకిష్టమే. ఆ మలుపు నేను ఎంచుకున్నది కాదన్నదే బాధ.

ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954లోనే మొదలైంది. పెద్ద దినపత్రికలు కూడా డిగ్రీ అయినవాళ్లకి ప్రవేశపరీక్ష పెట్టి తామే పని నేర్పుతూ వచ్చాయి. కాబట్టి డిగ్రీలో చరిత్ర తీసుకున్నా, ఆర్థికశాస్త్రం తీసుకున్నా దారి మూసుకుపోదు. మూసుకుపోయేది గేటు. 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' పేరుతో హాస్టల్ వేళల మీద తిరగబడింది అందుకే. ఏడింటికి గేటు మూసే చోట మీటింగుకి వెళ్లడం, వార్త వెంట తిరగడం ఎలా అలవడుతుంది? భద్రత పేరుతో కత్తిరించేది కూడా వేళ్లనే.

అందుకే పిల్లకి కాలేజీ పేరు చెప్పలేదు. లైబ్రరీ ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో, హాస్టల్ గేటు ఎప్పుడు మూస్తారో, విద్యార్థులు నడిపే పత్రిక ఉందో లేదో అడిగి రమ్మన్నాను.

అక్కకి ఆ కథ జిరాక్స్ తీసి పంపాను. తన చదువు పదో తరగతితో ఆపేశారు. ఏమంటుందో చూడాలి. కథలో ముందుగా చూసింది అక్కయ్యే కదా!