పిక్క తొక్కలో వంకర

పలాస–కాశీబుగ్గలో జీడి పిక్కలు కోసే మహిళల చేతులు చూడాలి. కాలితో మీట తొక్కగానే కత్తులు పిక్కను పట్టి చీలుస్తాయి. పప్పు ఒక పక్కకు, తొక్క ఒక పక్కకు. ఆముదం రాసుకున్నా వేళ్ల కొసలు నల్లగానే ఉంటాయి. కంచిలి, కవిటి తోటల్లో పెరిగినవాళ్లకు జీడి అంటితే ఎలా పొక్కుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు.

తొక్క నూనెలో పొక్కించేది ముఖ్యంగా అనకార్డిక్ ఆమ్లం. వేడి తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్ మిగులుతుంది. అంటే ఒక బెంజీన్ వలయం, దానికొక హైడ్రాక్సిల్, కాస్త పక్కగా పదిహేను కార్బన్ల తోక. బ్రేకు లైనింగులకూ రంగులకూ ఇది వెళ్లడం పాత సంగతే. తిరువనంతపురంలోని సీఎస్‌ఐఆర్ ప్రయోగశాల దీన్ని ద్రవస్ఫటిక పాలిస్టర్ దాకా, అంటే కరిగినా గొలుసులు వరస తప్పని ప్లాస్టిక్ దాకా, తీసుకెళ్లింది. ఈ కాలమిస్టుకు అసలు ఆసక్తి అక్కడే.

ఇలాంటి పాలిస్టర్లకు ముడిసరుకైన పారా–హైడ్రాక్సీబెంజోయిక్ ఆమ్లం ఒక్కదానితోనే గొలుసు కడితే అది కర్రలా బిగుసుకుంటుంది. అలాంటివన్నీ ఒత్తుగా సర్దుకుని స్ఫటికమైతే 500 డిగ్రీల దగ్గరా సరిగ్గా కరగవు, ఈలోగా మాడడం మొదలవుతుంది. అచ్చు పోయలేని ప్లాస్టిక్ ఎవరికి కావాలి? అందుకే రసాయనవేత్తలు కావాలనే ఆ పొందికను చెడగొడతారు. 1976లో అమెరికాలోని ఈస్ట్‌మన్‌కు చెందిన జాక్సన్, కుఫస్ సీసాలు చేసే పెట్ పాలిస్టర్‌లో ఈ ఆమ్లం ముక్కను కలుపుతూ పోయారు. ఒక మోతాదు దాటాక కరిగిన ముద్ద చిక్కబడాల్సింది పోయి పలచబడింది! గొలుసులు పారే దిక్కుకు వాటంతటవే తిరిగాయి మరి. తర్వాత వచ్చిన వెక్ట్రా అనే ద్రవస్ఫటిక పాలిస్టర్‌లో అదే ఆమ్లం 73 పాళ్లు, నాఫ్తలీన్ వలయమున్న మరో ఆమ్లం 27 పాళ్లు. ఈ రెండోది వరసలో ఇమడదు కాబట్టే 280 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

కార్డనాల్‌ది కూడా అదే పాత్ర. తోకను ఎనిమిదో కార్బన్ దగ్గర తెంపి ఆమ్లంగా మారిస్తే, అది చేరినచోటల్లా గొలుసు వంగుతుంది, వదులవుతుంది. స్ఫటికత తగ్గుతుంది, కరిగే వేడి దిగుతుంది. మోతాదు మించితే ద్రవస్ఫటిక గుణమే పోతుంది.

పాళ్లు కుదిరితే సగం పనే అయినట్టు. కరిగిన ముద్దను సన్నని రంధ్రంలోంచి లాగితే గొలుసులన్నీ ఒకే దిక్కుకు నిలుస్తాయి. అచ్చులో పోస్తే పైపొర బాగా వరసగా ఉంటుంది, లోపల చెదురుగా ఉంటుంది. నారను కరిగే వేడికి కాస్త దిగువన గంటల తరబడి ఉంచితే గొలుసులు పొడవవుతాయి, స్ఫటికాలు మెరుగవుతాయి, ఆ కరిగే వేడే పైకి జరుగుతుంది. 1997లో మార్స్ పాత్‌ఫైండర్‌ను అంగారకుడి మీద దించిన గాలిసంచులు వెక్ట్రా రకం పాలిస్టర్‌తో తీసిన ఇలాంటి వెక్ట్రాన్ నారతో నేసినవే.

మరి తొక్క నూనె వెక్ట్రాకు పోటీ ఎందుకు కాలేదు? చెట్టు ఇచ్చే కార్డనాల్ ఒకే రకం కాదు. తోకలో జంట బంధాలు అసలు లేనివి, ఒకటీ రెండూ మూడూ ఉన్నవి కలిసే వస్తాయి. పాలిస్టర్‌కేమో రెండు కొసలూ కచ్చితంగా సరిపోవాలి. కాస్త కల్తీ ఉన్నా గొలుసు మధ్యలోనే ఆగిపోతుంది. ఆ శుద్ధికి అయ్యే ఖర్చు ముందు, ముఖ్యంగా బొగ్గు తారు నుంచి వచ్చే నాఫ్తలీన్ సరుకే తయారీదారులకు తేలిక.