ఏడో రోజు జీతం

పోయిన వారం చిలకలూరిపేట దగ్గర ఒక పల్లెలో రిటైరైన టీచరమ్మ గారికి సన్మానమంటే వెళ్ళాను. మైకు పట్టుకున్న ప్రతి పెద్దమనిషీ ఆవిడని కొవ్వొత్తిని చేసి వదిలాడు. తాను కరిగి ఊరికి వెలుగిచ్చిందట. ఈ కాలమ్ చదివేవారికి కొవ్వొత్తి మీద నా కోపం కొత్త కాదు, మండే ఎండలో కప్పే శాలువా మీద కోపమూ కొత్త కాదు. కరిగిపోయిన మనిషి ఏళ్ళ తరబడి ఎక్కాలెలా చెబుతుందండీ? గట్టిగా నిలబడింది కాబట్టే చెప్పగలిగింది.

నా పాత పాట తెలిసిందే. పాఠం చెప్పడం పనితనం. దానికి సేవ అని పేరు పెట్టామంటే జీతం ఎగ్గొట్టడానికి దారి వేసుకున్నట్టే. వినుకొండలో పుట్టిన జాషువా మిషన్ బడిలో పంతులుగా చేరితే నెలకి ముట్టింది 3 రూపాయలు. ఆ ఉద్యోగమూ పోయాక 1915-16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకి కథ చదివి పొట్టపోసుకున్నాడు. తర్వాత గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పంతుళ్ళకే పాఠాలు చెప్పాడు. అంతటి కవికే అలా జరిగితే పల్లె బడిలో పంతులమ్మ సంగతి చెప్పేదేముంది? కాబట్టి బడి వేరు, భక్తి వేరు, ముందు జీతం సంగతి మాట్లాడండని నేనూ నాలుగు మాటలు చెబుదామని లేవబోయాను. అంతలో మా ఊరి పంతులమ్మ గారు గుర్తొచ్చి కూర్చుండిపోయాను.

మా ఊరి బడి పల్లెలో, అంటే రోడ్డవతలి వాడలో ఉండేది. మిషను వాళ్ళ ఎయిడెడ్ బడి. ఊళ్ళో రైతుల పిల్లలమూ రోడ్డు దాటి అక్కడికే వెళ్ళేవాళ్ళం. ఆరు రోజులు బడి, ఏడో రోజు అదే గుడి. బల్ల మీద తెల్లగుడ్డ పరిస్తే గుడి, తీస్తే బడి. నల్లబల్ల పక్కన చిన్న చెక్క వేలాడేది, దాని మీద ఆ ఆదివారం పాడిన కీర్తనల నంబర్లు. ఆవిడ సోమవారం వాటిని చెరపనిచ్చేవారు కాదు. వందలు, పదులు, ఒకట్లు మాకు పట్టుబడింది వాటి మీదే. ఎవడైనా తప్పు చెబితే "ఏరా, ఆ నంబరుకి వెళ్తే పెళ్ళిపాటకి బదులు చావుపాట వస్తుంది" అనేవారు.

ఆదివారం సాయంత్రం ఆడవాళ్ళ కూడిక. అమ్మ కోసం వచ్చే స్నేహితుడి వెంట నేనూ గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. పురుషోత్తమ చౌదరి కీర్తనలు వాళ్ళకి నోటికొచ్చు, చదవడం రాదు. పంతులమ్మ గారు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' ఒళ్ళో తెరిచిపెట్టి, "పాడమ్మా, వేలు మాత్రం అక్షరాల మీద నడిపించు" అనేవారు. మొదట్లో నోరు ముందు పోయేది, వేలు వెనకబడేది. పాటల పుస్తకాల్లో చరణం చివర పల్లవి మళ్ళీ అచ్చు వెయ్యరు కదా, రెండేసి నిలువుగీతల మధ్య దాని మొదటి మాట వేసి వదిలేస్తారు. ఆ మాట దగ్గర వేలు ఒక్క క్షణం తడబడి, పేజీ పైకెళ్ళి పల్లవి మీద వాలిందంటే చదువు వచ్చినట్టే. అప్పుడావిడ ఏమీ అనేవారు కాదు, పేజీ తిప్పేవారు. నోటికొచ్చిన దాంట్లోంచి అక్షరాన్ని పట్టుకోవడమనే ఆ కిటుకు, అ ఆల దగ్గర మొదలెట్టే మా వాచకాల్లో లేదు.

కూడిక అయ్యాక ఇల్లిల్లూ తిరిగేవారు. మిరప కోతల రోజుల్లో ఈ తిరుగుడు మరీ ఎక్కువ. ఎవరి పిల్ల తల్లితో చేలో ఉండిపోయింది, ఎవరు తొడిమలు తియ్యడానికి కల్లానికి పోతున్నారు, ఎవరింట్లో చంటిబిడ్డకి కాపలా లేదు, అన్నీ అక్కడే తెలిసేవి. సోమవారం హాజరుపట్టీ ఆదివారం రాత్రికే ఆవిడ తలలో తయారు. మంట చేతులతో వచ్చిన పిల్లల్ని బల్ల దగ్గరికి పిలిచి, ముందు అరచేతులకి ఆముదం పట్టించి, గుడ్డతో తుడిచి, అప్పుడు పలక చేతికిచ్చేవారు. ఆ పలకల మీద బలపం జారేది. జారితే జారిందని ఊరుకునేవారు.

మా నాన్నకి ఆవిడంటే గిట్టేది కాదు. కాయ చెట్టున పండి ఎండుతుంటే ఆదివారం కూలీలు రారు. "ఈ పంతులమ్మ వచ్చాకే ఇదంతా" అనేవాడు. పాపం, ఆవిడకి వందేళ్ళ ముందు సంగతి అది. 1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, చేరిన మాదిగలకి పెట్టినవి మూడే కట్టుబాట్లు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. రైతులకి గుచ్చుకుంది మొదటిది. చెప్పు తెగినా, మోటకి తోలు చినిగినా, జాతరకి డప్పు కావాలన్నా పిలిచిన క్షణాన రావలసిన మనిషి, వారంలో ఒక రోజు రానన్నాడు. కరువు ఇంకా మరుపుకి రాని 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్క రోజే బాప్తిస్మం తీసుకున్నారని చరిత్ర పుస్తకాలన్నీ రాస్తాయి. నన్నడిగితే ఆ లెక్క కంటే రానన్న ఆ ఆదివారమే పెద్ద సంగతి.

తమాషా ఏమిటంటే, పల్లెంతా పని మానేసిన రోజునే పంతులమ్మ గారికి ఊపిరాడనంత పని. ప్రభుత్వం గ్రాంటిచ్చింది ఆరు రోజుల బడికి. ఆ ఆరు రోజుల్ని నిలబెట్టింది ఏడో రోజు తిరుగుడు. గుడిని పక్కన పెట్టి బడిని లెక్క కడదామంటే ఆముదం మిగలదు, వేలు నడిచిన పల్లవి మిగలదు. నేను ఇన్నాళ్ళుగా పొగుడుతున్న పనితనంలో సగం అక్కడిదే. జీతం మాట వదులుకోను, అయితే ఆ రోజుకి ఎంతని కడతారు? పోనీ, టీచర్లందరూ ఆదివారం ఇళ్ళ చుట్టూ తిరగాలని రేపు జీవో వచ్చిందనుకోండి, వద్దని మొదట రాసేది నేనే. అది వెట్టి.

ఒకసారి మా నాన్న ఉండబట్టలేక దారిలో ఆవిణ్ణి ఆపాడు. "ఏమమ్మా పంతులమ్మా, ఆదివారం పనికి పోగూడదని మావాళ్ళకి చెప్పి, నువ్వు మాత్రం పొద్దుగూకిందాకా తిరుగుతావే?"

"నన్నెవరూ పిలవలేదు కదండీ, నేనే వెళ్తున్నాను. పిలిస్తే ఆదివారం నేనూ రాను" అందావిడ.

మా నాన్నకది తలపొగరుగా వినిపించింది. ఆ మాట ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పి మరీ తిట్టాడు. మా అమ్మ విని, మర్నాడు నన్ను బడికి పంపేటప్పుడు సంచిలో ఒక ఆముదం సీసా పెట్టి, పంతులమ్మ గారికిమ్మంది.